ఇసుక మూటల మధ్య మా నాయన

మా నాయనతో వచ్చిన చిక్కేమిటంటే, కూతురింటికి వచ్చినా తన జొన్నపిండి తానే తెచ్చుకుంటాడు. బిడ్డ పుట్టేదాకా అల్లుడింట్లో చేయి కడగకూడదని మాలో ఒక పట్టింపు ఉంది, సరే, ఒప్పుకుంటాను. కానీ నాకు ఇద్దరు పుట్టారు, పెద్దదానికి పాలపళ్లు కూడా ఊడుతున్నాయి, అయినా ఆయన కోడుమూరు బస్సు దిగి, భుజం మీది చీరల మూట విప్పి, అందులోంచి పిండి సంచి తీసి నా చేతికిచ్చి, "పొయ్యికాడ పెట్టుమే" అంటాడు. సంచి అడుగున ఉప్పు పొట్లం. ఉప్పు! కర్నూల్లో ఉప్పు దొరకదని కాదు, దొరికినా అది కూతురి ఉప్పు అవుతుందని. అటువంటి మనిషి, నేత మద్దయ్య, పరాయి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టని మద్దయ్య, ఇప్పుడు నా ఎదుట ఇనుప మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తలకు అటొక ఇసుక మూట, ఇటొక ఇసుక మూట. రెండు కళ్ల మీదుగా తెల్లగుడ్డ కట్టు. తల తిప్పకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. నవ్వకూడదు అనేటప్పుడు డాక్టరుగారు ఎందుకో నా వైపు చూశారు.

ఈ పొద్దు ఆ కట్టు విప్పుతారు. డాక్టరుగారు వార్డు ఆ చివర మొదలుపెట్టారు, మేము ఈ చివర ఉన్నాము, మధ్యలో మంచాలన్నీ దాటి రావాలి, ఒక్కో మంచం దగ్గర ఆయన పెళ్లిచూపులకు వచ్చినవాడిలా తీరిగ్గా నిలబడుతున్నారు. నాయన ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. శుక్లం ముదిరిపోయి, లోపల చెడిపోయి, ఇక కోసినా లాభం లేదన్నారు. మిగిలింది కుడి కన్ను, కోసింది దాన్నే. అది తేరుకుంటే మగ్గం ఉంటుంది, మద్దయ్య ఉంటాడు. తేరుకోకపోతే... తేరుకోకపోతే అన్న మాట దగ్గర నా బుర్ర ప్రతిసారీ ఆగి, మొండికేసిన ఎద్దులా వెనక్కి తిరుగుతోంది. ఫినాయిలు వాసన. కిటికీ అవతల జట్కా గుర్రం తల విదిలిస్తే గజ్జెల చప్పుడు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక ఊరు ఇట్లాగే అయింది, పెళ్లివారు వెళ్లిపోయిన విడిదిలా, ఒక్క గుర్రం కదిలినా వినబడుతుంది. మంచం కోడు పక్కన నేల మీద అమ్మ కూర్చుని ఉంది. చేతులు ఊరికే ఉండలేక ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. కండెలు చుట్టీ చుట్టీ అలవాటైన చేతులు, నూలు లేకపోయినా చుడుతూనే ఉన్నాయి.

మొదటి రోజు విశ్వాసమ్మ నర్సు ముక్కు ఉన్న గిన్నెతో గంజి తెచ్చింది. నాయన కట్టు కింద నుంచే, "ఇట్లియ్యి, నేను తాగుతా" అన్నాడు. "తాతా, చేతులు కిందికి పెట్టు. నోరు మాత్రం తెరువు" అంది ఆమె. ఇక అయిపోయిందనుకున్నాను. ఇసుక మూటలు ఎగిరిపడతాయి, మా నాయన లేచి కోడుమూరు దారి పడతాడు అనుకున్నాను. ఆయన నోరు తెరిచాడు. పిచ్చుకపిల్లలా. నా పుట్టుక మొదలు ఆయన ఒకరి మాట వినడం అదే చూడ్డం, అందుకే నవ్వాలో ఏడవాలో తెలియక గబగబా వరండాలోకి పోయి ఏడ్చాను. నవ్వింది తర్వాత. ఎందుకంటే నాకు ఆ నోరు తెలుసు. ఒకసారి పన్ను సలుపుతుంటే ఎవరి దగ్గరికీ పోకుండా, గట్టి పడుగుదారం పంటికి ఒక కొన, తలుపు గొళ్లేనికి ఒక కొన కట్టి, అమ్మను తలుపు తన్నమన్నాడు. ఊడింది పక్క పన్ను. "అదీ రేపో మాపో నొచ్చేదే" అని దాన్ని చూరులో పడేసి, సలిపే పన్నుతోనే మగ్గం గుంటలోకి దిగాడు. జుట్టు తానే కత్తిరించుకుంటాడు. ముందు వైపు అద్దంలో కనబడుతుంది గనక బాగానే ఉంటుంది, వెనక వైపు మేకలు మేసిన బీడు. చెప్పులు తానే కుట్టుకుంటాడు, అందుకే ఆయన వస్తుంటే ఒక అడుగు 'టప్' అని, ఒకటి 'టిప్' అని వినబడేది. వీధి మలుపులో ఆ చప్పుడు వింటే నేను పుస్తకం తీసేదాన్ని, అమ్మ పొయ్యి రాజేసేది.

టప్, టిప్. ఆ అడుగులు యాడ మొదలైనాయంటే మేనమామ ఇంట్లో. తల్లీ తండ్రీ పోయిన పిల్లోడు, మామ దగ్గర నేత నేర్చుకుంటూ, ఒకనాడు అన్నం ముందు కూర్చుంటే అత్త అటు తిరిగి ఎవరితోనో ఏదో అంది. ఏమందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కలిపిన ముద్ద కలిపినట్టే పెట్టి లేచాడట. ఆ లేవడం లేవడం మళ్లీ ఎవరి ఇంట్లోనూ కూర్చోలేదు. కోడుమూరులో ఊరి చివర జాగా తీసుకుని మగ్గం గుంట తానే తవ్వుకున్నాడు. అక్కడ మన్ను జానెడు, కింద అంతా బండ. ఇంకెవరైనా అయితే జాగా మార్చేవారు. ఆయన గునపం మార్చాడు. పగలు కూలికి నేసి, సందు దొరికినప్పుడల్లా బండ కొట్టి, చివరికి గుంట తయారైంది. అంచుకు నాపరాళ్లు పరిచాడు, ఎండాకాలం అందులో కాళ్లు పెట్టుకుంటే బావిలో పెట్టుకున్నంత చల్లగా ఉండేది. ఆ చల్లదనం నాకు తెలియడం కూడా దొంగతనమే, ఆయన లేనప్పుడు ఒకసారి చిన్నదాన్నై ఉండగా దిగాను. ఎందుకంటే ఆ గుంటకు ఒక చట్టం ఉంది. ఆడది దిగకూడదు. దిగితే నేత చెడుతుంది. కండెలు చుట్టవచ్చు, పడుగు సాగదీయవచ్చు, గంజి పెట్టవచ్చు, రంగులో ముంచి చేతులు మోచేతి దాకా నీలం చేసుకోవచ్చు, అవన్నీ చేస్తే నేత చెడదు. దిగితేనే చెడుతుంది. దేవుడు ఇట్లాంటి నియమాలు పెట్టేటప్పుడు గుంట లోతు కొలిచి పెడతాడు కాబోలు.

సావుకారు నూలిచ్చి నేయించుకుంటానంటే వద్దన్నాడు. అందరూ నేతగాళ్ల సంఘంలో చేరితే చేరలేదు. "నా నూలు నేను కొంటా, నా బట్ట నేను అమ్ముకుంటా, మధ్యన ఇంగొగుడు యాలప్పా?" నన్ను కాలేజీకి పంపేటప్పుడు కులపెద్దలు సాయం చేస్తామంటే చేతులు జోడించి పంపేసి, మూట భుజాన వేసుకుని నేను చదివే ఊరికే వచ్చి లెక్చరర్ల ఇళ్ల ముందు చీరలు పరిచాడు. దాంతో కాలేజీ సభలకు వచ్చే సగం మంది పంతుళ్ల భార్యల ఒంటి మీద మా ఇంటి సంగతులే. అదిగో ఆ పచ్చ చీర, అది నేసిన వారం అమ్మతో మాటల్లేవు, అందుకే మగ్గంలో దెబ్బ మీద దెబ్బ, గోనెపట్టలా బిగిసిపోయింది. ముందు వరుసలో ఆ వంకాయరంగు చీర, అది నేసేటప్పుడు వాన పడింది, ఆయనకు ప్రాణం హాయిగా ఉంది, చెంగు చూడు ఎంత మెత్తగా జారుతోందో. ముఖ్య అతిథి దేశభక్తి గురించి చెబుతుంటే నేను అట్లా మా అమ్మానాన్నల కాపురం చదువుకునేదాన్ని. ఆయన బట్టలో పోగు జారి పాముకళ్ల లాంటి సందులు పడవు, పోగు తప్పదు, ఉతికితే రంగు దిగదు. అడిగినవాళ్లకు ఒకటే మాట: "నా కండ్లతో నేను చూసుకుని నేస్తా."

కండ్లు. డాక్టరుగారు ఇంకా సగం వార్డు కూడా రాలేదు. ఇప్పుడు ఆయన పలకరిస్తున్న ముసలాయన ఏదో పెద్ద కథ ఎత్తుకున్నాడు, బర్రె, అమ్మకం, మోసం. బర్రె కథ తర్వాత చెప్పుకోవచ్చు కదా తాతా. మా నాయన పెదవులు కదుల్చుతున్నాడు, ఏమిటని చెవి దగ్గర పెడితే, "వచ్చినాడా?" అన్నాడు. "వస్తాండాడు నాయనా." "ఇంగెంత దూరముండాడు?" "బర్రె కాడ ఉండాడు." ఆయన మూతి బిగిసింది. అయ్యో, నవ్వు! వేలు పెదవుల మీద పెట్టి, "నవ్వాకు నాయనా, నవ్వాకు" అన్నాను. నిజానికి తప్పు నాదే, కానీ ఎవరు చూశారు? అమ్మ చూసింది. నన్ను మోకాలి మీద గిల్లింది.

అసలు కళ్లు పోతున్న సంగతి బయటపడింది నీళ్ల వల్ల. మా వీధి రాజధాని వచ్చినప్పుడు గబగబా లేపిన వరుస ఇళ్లు, ఒక అచ్చులో పోసిన ఇటుకల్లా అన్నీ ఒకటే తీరు, గుమాస్తాల మొహాల్లాగే. మా ఆయన కూడా గుమాస్తానే గనక ఈ మాట నేను అనవచ్చు. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం పక్కింటి హుసేన్‌బీ వెనక గోడ మీదుగా పిలిచింది. "అక్కా, మీ నాయన మా నులకమంచం మీద కూచొని, ఇన్ని గిన్నెలు యాలకు కొన్నావని నన్ను తిడతాండాడు. వచ్చి తీస్కపో. లేకుంటే ఉండనీ, మా అబ్బా కూడా ఇట్లనే తిడతాండె." నేను పోయేసరికి నాయన నిమ్మళంగా చెంబెడు నీళ్లు ఎత్తి తాగుతున్నాడు. పరాయి ఇంటి నీళ్లు. జొన్నపిండి సంచి హుసేన్‌బీ పొయ్యికాడ కుదురుగా కూర్చుని ఉంది. నా గొంతు వాకిట్లో వినబడగానే ఆయన చేయి ఆగింది. మొహం ఆమె వైపు తిరిగింది, మళ్లీ నా వైపు తిరిగింది, రెండు వైపులా ఆయనకు ఒకటే మసక అని ఆ తిరగడంలో తెలిసిపోయింది. చెంబు కింద పెట్టి, పైగుడ్డతో మీసం తుడుచుకుని, "పక్కింటోళ్లను పలకరిద్దామని వచ్చినా" అన్నాడు. హుసేన్‌బీ, ఆమె కడుపు చల్లగా ఉండాలి, "అవు అక్కా, పలకరించడానికే వచ్చినాడు" అంది.

కళ్లు చూపించుకో అంటే చూపించుకోడు. "నా నేతలో తప్పు చూపించు, అప్పుడొస్తా" అన్నాడు. అదే నాకు అంతు పట్టలేదు. హుసేన్‌బీకీ నాకూ తేడా తెలియని మనిషి, సన్నపోగు తెగితే ఎట్లా చూస్తున్నాడు? మూటలో చీరలు ఒక్కొక్కటీ వెలుతురులో పరిచి చూశాను. ఎక్కడా తప్పు లేదు. ఇది తేల్చుకుందామని చెప్పాపెట్టకుండా బస్సెక్కి కోడుమూరు పోయాను. సంత రోజు, నాయన ఊళ్లో లేడు. వాకిలి దగ్గరకు వేసి ఉంది, లోపల మగ్గం ఆడుతోంది. టకటక కాదు, కొంచెం తొందరగా, దొంగ అడుగుల్లా. తలుపు తోశాను. మా అమ్మ, ఉరుకుందమ్మ, చీర మోకాళ్ల పైకి దోపుకుని, గుంటలో కూర్చుని ఉంది. పేకపోగు ఆడించే నాడె ఆమె చేతిలోంచి ఎగిరి నేల మీద పడింది. ఇద్దరం ఒకళ్లనొకళ్లు చూసుకున్నాం. దొంగను పట్టుకున్నదానికన్నా దొంగే ముందు తేరుకుంది. "నిలబడి సూస్తావేం, తలుపెయ్యిమే" అంది.

రెండేళ్లుగా అదే పని. ఆయన నేస్తాడు, పోగులు తెగుతాయి, చూడడు, అట్లాగే పోనిస్తాడు. ఆయన అమ్మకానికి పోగానే అమ్మ గుంటలో దిగి, చెడిన మేర అంతా పోగు పోగూ వెనక్కి తీసి, తెగినవి అతికి, మళ్లీ నేసుకుంటూ వచ్చి, ఆయన ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడే ఆపుతుంది. ఒక పోగు ఎక్కువ కాదు, ఒక పోగు తక్కువ కాదు. ఆయన వచ్చి కూర్చుని, తాను ఆపిన చోటే మొదలుపెడతాడు. చీరలు అమ్ముడుపోతాయి, జనం మెచ్చుకుంటారు, చూసినారా నా కండ్లు అని ఈయన మీసం దువ్వుతాడు. మొగుడి పని ఊడదీసి మళ్లీ చేసి, మెప్పు ఆయనకే వదిలేసే పెళ్లాలు లోకంలో లేరని కాదు, నేనూ మా ఆయన లెక్కలు సరిచేస్తూనే ఉంటాను. కానీ ఇంత కొలత పెట్టి చేసినదాన్ని చూడలేదు. "మీ నాయనకు చెప్పాకు. గుంటలో దిగినానని తెలిస్తే మగ్గం ఇరగ్గొట్టి పొయ్యిలో పెడతాడు."

అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. కానీ డాక్టరుగారు ఎడమ కన్ను పోయిందన్న రోజు అమ్మ నవ్వలేదు. ఆ రోజు ఆయన్ను తీసుకుపోవడం కూడా ఒక నాటకమే. నాకు కళ్లు మండుతున్నాయి, మా ఆయనకు తీరిక లేదు, ఒక్కదాన్నే పోలేను, తోడు రా నాయనా అన్నాను. కూతురికి తోడంటే సింహంలా లేచాడు. ముందే అనుకున్నట్టు డాక్టరుగారు నా కళ్లు చూసి, "పెద్దాయనా, వచ్చారు గదా, మీరూ కూర్చోండి" అన్నారు. కుడి కన్ను అరచేత్తో మూసి, ఏం కనబడుతోంది అని అడిగారు. నాయన మెడ ముందుకు చాచాడు. "చెయ్యి తీయండి స్వామీ, రెండూ మూసినారు" అన్నాడు. డాక్టరుగారు ఒకటే మూశానని చెప్పారు. రెండేళ్ల కిందటే తెచ్చి ఉంటే బాగుండేదని కూడా చెప్పారు. ఆ రెండేళ్లు అన్న మాట అమ్మ గుండెలో గుచ్చుకుని అట్లాగే ఉండిపోయింది. తాను సరిచేయకపోయి ఉంటే బట్ట చెడేది, బట్ట చెడితే ఆయనకు తెలిసేది, తెలిస్తే వచ్చేవాడు, వస్తే కన్ను దక్కేది. నేను ఎన్ని విధాల చెప్పినా ఆమె ఆ పోగులే వెనక్కి తీస్తోంది, అతకలేకపోతోంది. నిన్న మెల్లగా నాతో అంది. "సూపొస్తే చెప్పేస్తా. కొట్టనీ, తిట్టనీ. రాకపోతే మాత్రం చెప్పను మే. సూపూ లేక, ఇది కూడా యాల ఆయనకు?"

బూట్ల చప్పుడు. బర్రె కథ అయిపోయింది. డాక్టరుగారు మా మంచం దగ్గర ఉన్నారు, నేను లేచి నిలబడ్డానని నాకు తర్వాత తెలిసింది. విశ్వాసమ్మ కిటికీ రెక్క ఒకటి దగ్గరకు వేసి, కట్టు విప్పడం మొదలుపెట్టింది. చుట్టు మీద చుట్టు, ఇంత గుడ్డ ఎందుకు కట్టారో, మా నాయన అయితే ఇందులో పంచె నేసేవాడు. చివరికి దూది. తడి దూదితో రెప్ప తుడిచి, "తాతా, మెల్లగా తెరువు" అంది. రెప్ప అదిరింది. నీళ్లు కారాయి. తెరుచుకుంది.

"ఏం కనబడుతోంది పెద్దాయనా?"

"తెల్లగుండాది."

"తెల్లగా అంటే?"

"తెల్లగా అంటే తెల్లగా. పాలల్లో తల ముంచినట్టు."

అమ్మ లేచి నా మణికట్టు పట్టుకుంది. గాజు ఒకటి చిట్లింది, ఎవరిదో చూడలేదు. డాక్టరుగారు జేబులోంచి దళసరి గాజు బిళ్ల ఒకటి తీసి ఆ కంటి ముందు పట్టి, కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు జరిపారు. "ఇప్పుడు?"

నాయన కన్ను పైకప్పు మీద ఈ మూల నుంచి ఆ మూలకు మెల్లగా నడిచింది.

"దూలం సందులో సాలెగూడు ఉండాది" అన్నాడు. "ఊడ్సేటోళ్లు లేరా ఈడ?"

విశ్వాసమ్మ తల పైకెత్తి గుర్రుగా చూసింది. డాక్టరుగారు పకపకా నవ్వారు, ఆ చివర బర్రె ముసలాయన ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నేను మంచం పట్టె మీద కూలబడిపోయాను. ఊపిరి ఇంత పొడుగ్గా ఉంటుందని, అది పీల్చుకోవడానికి ఇంత చోటు నాలో ఉందని నాకు తెలియదు. దళసరి అద్దాలు పెట్టుకుంటే నేయవచ్చునా అని అడిగాను కాబోలు, నెలలు ఆగాలి, కానీ నేస్తాడు అన్నారు కాబోలు. డాక్టరుగారు గాజు బిళ్లను కంటితో పాటే పక్కకు జరిపారు. నాయన కన్ను అమ్మ మీద ఆగింది.

"ఎవురది? మా అవ్వ మాదిరి ఉండాది."

"నేనేనయ్యా."

"నువ్వా? తలంతా ఎప్పుడు నెరిసెనే నీకు?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు తీసేసింది. నేను వెనక నుంచి ఆమె చీర లాగాను, ఇప్పుడు వద్దు, ఇంటికి పోయాక చెప్పొచ్చు అని. ఆమె నా చేయి విదిలించుకుంది. "నీకొక మాట చెప్పాలయ్యా. నువ్వు అమ్మకానికి పోయినప్పుడంతా..."

"గుంటలో దిగినావు. అదేగదా?"

వార్డులో ఎవరో చెంబు కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"నీకెట్ల తెలుసు?"

"తొక్కుడు చెక్కల తాళ్లు నీ పొట్టికాళ్లకు అందేటట్ల పైకి ముడేస్తివి, మళ్లా దించను మరిస్తివి. కూచుంటే నా మోకాళ్లు వచ్చి గడ్డానికి తగులుతాండె. సూపు లేకపోతే మాత్రం, గడ్డం నాదే గదా."

"మరి ఒక్క మాటైనా అనకపోతివే?"

"అంటే నువ్వు దిగేది మానేస్తావు గదా."

అమ్మ మంచం పట్టె పట్టుకుని నిలబడింది. "నేను దాచబట్టే గదా ఆ కన్ను పాయె" అంది.

"నువ్వేం దాచినావు. దాచింది నేను." ఆయన చేయి ఇసుక మూట మీదుగా తడుముకుంటూ వచ్చి ఆమె చేయి పట్టుకుంది. విశ్వాసమ్మ కదలొద్దని అనబోయి ఊరుకుంది. డాక్టరుగారు గాజు బిళ్ల దించడం మరిచిపోయి అట్లాగే పట్టుకుని నిలబడ్డారు. నాయన ఆ బిళ్లలోంచి ఆమెను తేరిపార చూసి, వార్డు వార్డంతా వినేటట్టు, సంతలో చీర ధర చెప్పే గొంతుతో అన్నాడు.

"ఆడది గుంటలో దిగితే నేత చెడుతాదని ఇన్నేండ్లూ అంటా వచ్చినా. తప్పు. నేననింది శానా తప్పు మే."